పర్సుకు రేకు అస్తరు

పెళ్లి బిర్యానీ పొట్లాలకు చుట్టిన వెండిరంగు రేకును కడగడం కూడా ఒక పనేనని ముబీనాకు పెళ్లికి ముందు తెలియదు. పుట్టింట్లో తిని పారేసేవాళ్లు. తెనాలిలో అత్తగారు జానీ బీ పోగేయిస్తుంది. వేడినీళ్లలో నానబెట్టాలి. పీచు పెడితే చిరుగుతుంది కాబట్టి వేళ్లతోనే నెయ్యి తీయాలి. ఆరాక చపాతీ కర్రతో ముడతలు పోయేలా ఒత్తాలి. రేపల్లె ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసి, పాసింజరు దిగి ఇంటికొచ్చేసరికి పెరట్లో ఆ బేసిను సిద్ధంగా ఉండేది. మడతల్లో ఇరుక్కున్న లవంగం, మాంసం పీచు, ఎవరో నమిలి వదిలిన ఎముక ముక్క. వార్డులో చీము తుడిచినప్పుడు రాని వికారం ఇక్కడ వచ్చేది. వార్డులో ఉన్నది రోగం. రోగి కనీసం సిగ్గుపడతాడు.

ఆమె భర్త జాన్ సైదాకు బజారులో పర్సులు, బెల్టులు అమ్మే కొట్టుంది. బ్యాంకులు కొత్తగా ఇస్తున్న చిప్పు కార్డుల గురించి పేపర్లో ఏదో చదివి, ఆ రోజంతా అదే చెప్పాడు.

"చేతిసంచిలో చిన్న మిషను పెట్టుకుని పక్కన నుంచుంటాడంట. జేబులో చెయ్యి పెట్టక్కర్లా. గాల్లోంచే డబ్బులు లాగేస్తాడు. మధ్యలో ఇట్టాంటి రేకు అడ్డం ఉంటే మాత్రం మిషనుకి ఏం కనబడదంట."

"మరి మనింట్లో బోలెడుంది కదరా," అంది జానీ బీ.

అలా మొదలైంది. పర్సు లోపలి గుడ్డ విప్పి, రేకు పరిచి, మళ్లీ కుట్టేది ముబీనా. 'దొంగలకు దొరకని పర్సు' అని అట్టమీద రాసి కొట్లో వేలాడదీసేది అతను. సూది తోలులోంచి జారి వేలికి దిగిందని ఒకసారి అంటే, "రోజూ మందికి పొడిచేదానివి, నీకు సూదంటే భయమేంటే?" అంది అత్తగారు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా ఉంటుంది.

ఇంతా చేస్తే ఆ ఇంట్లో చిప్పు కార్డు ఉన్నది ఒక్కటే. అది ముబీనాది. జీతం అందులోనే పడుతుంది. బ్యాంకు కవరు చించిన రోజునే జాన్ సైదా తన పర్సులో పెట్టుకున్నాడు. "రైళ్లెక్కేదానివి, ఎక్కడో పారేస్తావు. నా దగ్గరుంటే భద్రం." పొద్దున పూట రైలుకీ టీకీ సరిపడా చిల్లర ఆమె చేతిలో పెట్టేవాడు, బడికెళ్లే పిల్లకి ఇచ్చినట్టు. రహస్య నంబరు కూడా తనే ఎంచాడు, గుర్తుంటుందని తన స్కూటరు నంబరు. ఆ స్కూటరు కొట్టు ముందే నిలబడి ఉంటుంది, నంబరు పలక వీధికి తిప్పి.

ఒక శుక్రవారం ఆమె అన్నం కారియరు ఇవ్వడానికి కొట్టుకెళ్లింది. జాన్ సైదా ఇద్దరు గిరాకీలకు గాల్లో దొంగల గురించి చెబుతున్నాడు. ఎదురుగా ఏటీఎం గుమ్మంలోంచి మరిది ఫరూక్ కేకేశాడు.

"అన్నా! వదిన కార్డు నంబరు ఏంటి?"

"మన బండి నంబరేరా! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఫరూక్ మెడ సాచి స్కూటరు వంక చూసి లోపలికెళ్లాడు. గిరాకీలూ చూశారు. పళ్లబండి పున్నారావూ చూశాడు. ముబీనా చేతిలో కారియరు అలాగే ఉంది. తన బట్టలు ఎవరో బజార్లో ఆరేసినట్టు అనిపించింది. ఏ మిషనూ లేకుండానే, అడగాల్సిన మనిషిని అడగకుండానే, కేక వేసి తీసుకుంటున్నారు.

ఆ తరవాతి వారం డ్యూటీలో ఉండగా నెలసరి ముందే వచ్చింది. మందుల షాపు ఆసుపత్రి గేటు దగ్గరే. బ్యాగులో రైలు చిల్లర తప్ప ఏమీ లేదు. తోటి నర్సు కనకదుర్గను చాటుకు పిలిచి డబ్బులు అడిగింది.

"అదేంటమ్మాయ్, నా అంత జీతమేగా నీది?"

"కార్డు ఆయన దగ్గరుందక్కా."

కనకదుర్గ వెళ్లి కొని తెచ్చింది. చేతిలో పెడుతూ, "నంబరు ఏటీఎం మిషన్లోనే మార్చుకోవచ్చు, తెలుసుగా?" అని మాత్రం అంది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ముబీనా లెక్కలేమీ వేయలేదు. తన ఒంటి అవసరానికి కూడా మొగుడి జేబు వైపు చూడాల్సిన ఉద్యోగం ఏం ఉద్యోగమని మాత్రం అనుకుంది.

ఆ ఆదివారం జాన్ సైదా సొంత పర్సు తీసి ఆమె ఒళ్లో పడేశాడు. "ఊరందరికీ కుట్టావు, మొగుడికి మాత్రం లేదు. మంచి రేకు చూసి వెయ్యి. అన్నీ తీసి మళ్లీ సర్దు." అని పడుకున్నాడు.

అది అతని పిరుదు ఆకారానికి వంగిపోయి ఉంది. చెమటకు మెత్తబడి, ముట్టుకుంటే తడిగా తగిలింది. లోపల వక్కపొడి రాలు, వాడి మళ్లీ దాచుకున్న పంటిపుల్ల, కరిగి అతుక్కున్న దగ్గుబిళ్ల. ఆ బిళ్లకు అంటుకుని తన కార్డు. లాగితే సాగుతూ వచ్చింది. ఉబ్బెత్తుగా ఉన్న తన పేరు అక్షరాల సందుల్లో నల్లటి మట్టి. ముబీనా లేచి, బ్యాగులోంచి స్పిరిటు, దూది తీసింది. పుండు తుడిచినంత ఓపిగ్గా ఒక్కో అక్షరం తుడిచింది. పేరు కనబడింది.

"దారం అయిపోయిందత్తయ్యా, తెచ్చుకుంటా," అని చెప్పి బయలుదేరింది.

ఏటీఎం దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా, సైదా అన్న రాలేదా?"

"లేదండి. కార్డు నాది," అంది.

తన కార్డును తను మొదటిసారి మిషన్లో పెట్టింది. ఏ మీట నొక్కాలో ఒక్కో మాటా చదువుకుంది. స్కూటరు నంబరు చివరిసారి కొట్టి, కొత్త నంబరు పెట్టుకుంది. ఆ నంబరు ఏ బండి మీదా లేదు. ఇంటికొచ్చి రేకు పరిచి, గట్టి కుట్టు వేసి, కార్డు లోపల పెట్టి, పర్సు దిండు పక్కన ఉంచింది.

జీతం పడిన రోజు సాయంత్రం జాన్ సైదా కార్డు చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయింది.

"అమ్మా, ఎవడో కొట్టేశాడే! నంబరు తప్పంటోంది మిషను. రేకున్నా కూడా గాల్లోంచి లాగేశాడు!"

"అయ్యో, బ్యాంకుకి పరిగెత్తరా!" అంది జానీ బీ.

ముబీనా బేసిను ముందు నుంచి లేచింది. "ఎవరూ లాగలేదండి. నేనే మార్చుకున్నా."

అన్న వెనకే వచ్చిన ఫరూక్ మెల్లగా బయటికి జారుకున్నాడు.

"మార్చావా? నాకు చెప్పకుండా?" అన్నాడు జాన్ సైదా. "సరే, చెప్పు. కొత్త నంబరు ఎంత?"

ఆమె చేతిలోని రేకును బేసిన్లోకి జారవిడిచింది.

"చెప్పవే, అడుగుతుంటే," అంది జానీ బీ. "మొగుడికి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?"

"ఎవరికీ చెప్పనత్తయ్యా," అంది ముబీనా. చేతులకంటిన నెయ్యి కొంగుకు తుడుచుకుని, కార్డు కోసం అరచెయ్యి చాపింది.