ట్రాక్టర్ బ్యాటరీ మీద నడిచే డబ్బా

రెడ్డిగూడెం మామిడి రైతుల సంఘానికి కెమెరాల వీడియో దాచే ఆ డబ్బాను ఎంచిపెట్టింది నేనే. నూజివీడులో కెమెరాలు బిగించడం నా పని. తోటల్లో ఎవరు ఏ మందు కొట్టారో నెలరోజుల వీడియో దాచి చూపిస్తేనే ఎగుమతి కంపెనీ కాయ తీసుకుంటుంది. డబ్బా పెట్టిన సంఘం షెడ్డుకేమో వ్యవసాయ లైను. కరెంటు రాగానే ఆటోస్టార్టరున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచి వోల్టేజీని మింగేస్తాయి. షోరూము డబ్బాలు అక్కడ వారం బతకవు. అందుకే తొమ్మిది వోల్టుల నుంచి ముప్పయ్యారు దాకా ఏదిచ్చినా నడిచే చౌకరకం కొని, సోలారుతో ఛార్జయ్యే ట్రాక్టర్ బ్యాటరీకి నేరుగా కలిపాను. ఖర్చంతా డిస్కు మీద పెట్టాను, కరెంటు ఠక్కున పోయినా రాసింది చెరగకుండా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈ ఉదయం పార్వతి ఫోన్ చేసింది. సంఘం అధ్యక్షుడు వెంకటకృష్ణారావుగారి తోట పక్కనే రెండెకరాలు కౌలుకు చేస్తుంది. ఆమె కాయలో నిషేధించిన మందు బయటపడిందట. మధ్యాహ్నంలోపు వీడియో చూపకపోతే కాయ కొనే రైతుల జాబితాలో ఆమె పేరు కొట్టేస్తానన్నాడట కంపెనీ ఆఫీసరు.

"ఈ నెల మందు ముట్టుకోలేదు సుసన్నమ్మా. ఒట్టు."

నేను షెడ్డుకు వెళ్ళేసరికి పార్వతి, రావుగారు, ఆఫీసరు అక్కడే ఉన్నారు. డబ్బా లైటు ఆరిపోయి ఉంది.

"చౌకబేరం వద్దని ఆరోజే చెప్పాను," అన్నారు రావుగారు.

నా చౌకబేరానికి ఈమె తోట పోతుందా అనుకుంటూ డబ్బా ముందు కూర్చున్నాను. కింది అర తెరిస్తే వైర్లు వేలాడుతున్నాయి. బ్యాటరీ లేదు.

రావుగారి డ్రైవర్ మార్టిన్ తల గోక్కున్నాడు. "ట్రాక్టర్ స్టార్టవ్వక పట్టుకెళ్ళానండీ. ఎవరికవసరమైతే వాళ్ళం తీసుకుంటాం కదండీ."

నిజమే, ఇక్కడి తోటల్లో మంచి బ్యాటరీ ఒక్కరిది కాదు, నలుగురిదీ. వోల్టులన్నీ లెక్కగట్టిన నేను ఆ సంగతే మరిచాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

బ్యాటరీ తెప్పించి కలిపాను. నిమిషం గడిచింది. పార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పచ్చలైటు వెలిగింది. వీడియో ఉంది, కానీ పన్నెండో తేదీ పొద్దున ఆరుంబావుకి ఆగిపోయింది. తర్వాత పదిరోజులూ ఖాళీ.

"ఈ పదిరోజుల్లో కొట్టలేదని ఎలా నమ్మమంటారు?" ఆఫీసరు పెన్ను తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అని చివరి నిమిషాన్ని మళ్ళీ తిప్పాను.

మార్టిన్ షెడ్డులోకి వస్తున్నాడు. వెనక, పార్వతి తోటను ఆనుకున్న గట్టు మీద రావుగారి ట్రాక్టరు, దానికి తగిలించిన మందు ట్యాంకు. పక్కన రావుగారే, ట్యాంకు మూత తీసి నిషేధించిన ఆ మందు సీసానే వంపుతున్నారు. మార్టిన్ చెయ్యి బ్యాటరీ మీదకు వెళ్ళింది. తెర నల్లబడింది.

ఆఫీసరు ఆ నిమిషాన్ని మళ్ళీ తిప్పించి చూశాడు.

"ఆ పొద్దున గాలి ఎటుందయ్యా మార్టినూ?" అంది పార్వతి.

మార్టిన్ రావుగారి ముఖంలోకి చూశాడు. తర్వాత నేల చూశాడు.

"మీ వైపేనమ్మా."

ఆఫీసరు పెన్ను పార్వతి పేరు మీద నుంచి లేచింది. జాబితాలో అన్నిటికన్నా పైన, అధ్యక్షుడి పేరు దగ్గర ఆగింది.