శిల్ప చక్రం వెనకాల

మా ఆయన రామమూర్తి గారు ఉద్యోగమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేశారు. రిటైరయ్యాక నల్లకోటు విప్పారు గానీ ఆ చూపు విప్పలేదు. పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడంటారు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు కదా, మా ఆయనకు లోకమంతా టికెట్ లేకుండా ప్రయాణం చేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇలాంటి మనిషికి మా అమ్మాయి నవ్య సైకిలు పందేల పిచ్చి అంటించింది. తను తొక్కే పందేలు చాలక, విదేశాల్లో జరిగే పెద్ద పందేలు కూడా ఫోన్లో చూపించేది. కొండలెక్కే రోజున ఎవరు గెలుస్తారో చెప్పడం కష్టమట. చదును రోడ్డు రోజున మాత్రం పంచాంగం చూసి చెప్పినట్టు చెప్పేయొచ్చట. మొదట్లో ఇద్దరో ముగ్గురో ఆవేశపడి ముందుకు పారిపోతారు. గుంపు వాళ్ళను పోనిస్తుంది. ఎదురుగాలికి వాళ్ళు డస్సిపోయాక ముగింపు గీత దగ్గరపడేలోగా మింగేస్తుంది. ఇక మిగిలేది అసలు వేగం ఉన్నవాళ్ళ దౌడు. ఆ వేగం ఉన్న మనిషి చివరిదాకా గాలి తగలకుండా తన జట్టులో ఇంకొకరి వెనక దాక్కుని వస్తుంది. ముందున్న మనిషి గాలిని తన ఒంటిమీద కాచుకుంటూ తీసుకొచ్చి, గీత కనబడగానే పక్కకు తప్పుకుంటుంది. వెనకున్న మనిషి గెలుస్తుంది. తప్పుకున్న మనిషి పేరు పేపర్లో రాదు.

మా జట్టులో వెనకుండేది నవ్య. ముందుండేది శిల్ప.

శిల్ప మా ఎదురింటి అన్నమ్మ కూతురు. అన్నమ్మది కాకినాడ వైపు, మాది బొబ్బిలి వైపు. ఆవిడ నర్సు, తండ్రి లేని పిల్లను ఒంటిచేత్తో పెంచింది. రాయ్‌పూర్‌లో మేముండే ఈ తెలీబంధా వీధిలో తెలుగు మాట్లాడేది మా రెండిళ్ళే. వాళ్ళు చర్చికి వెళ్తారు, మేము గుడికి వెళ్తాం, కూరల గిన్నెలు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

ఈసారి పందెం ఆదివారం పొద్దున, నయా రాయ్‌పూర్ చదును రోడ్ల మీద. ఆ రోజు గెలిచిన అమ్మాయికి రాష్ట్ర జట్టులో చోటు. ఒక్కటే చోటు. కిందటేడు అదే చోటు నవ్యకు కొద్దిలో తప్పిపోతే, తను వారం రోజులు సైకిలు ముట్టలేదు. అందుకని ఈ ఏడాది మా ఇంట్లో వేరే మాట లేదు. మా ఆయన కూరగాయల బండివాడి నుంచి బ్యాంకు వాచ్‌మన్ దాకా అందరికీ నవ్యే గెలుస్తుందని జోస్యం చెప్పేశారు. శిల్ప ఎక్కడ తప్పుకుంటుందో, నవ్య ఎక్కడ సీటు మీంచి లేచి దౌడు తీస్తుందో కూడా చెప్పేశారు.

గురువారం సాయంత్రం అన్నమ్మ వచ్చి, ఆదివారం రాత్రి భోజనాల వేళకు ముందు తమ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నామనీ, ప్రార్థన అయ్యాక టీ, లడ్డూలు ఉంటాయనీ, తప్పకుండా రావాలనీ పిలిచింది. దేనికి కృతజ్ఞత అని అడిగాను. పందెం నెగ్గినందుకు అంది.

పందెం ఇంకా జరగనే లేదు కదా అన్నాను.

"దేవుడు ఇచ్చేశాడు వదినా. మనం చేతులు చాపి పుచ్చుకోవడమే మిగిలింది" అని నవ్వి, డ్యూటీకి టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. మనం పని అయ్యాకే కదా మొక్కు తీరుస్తాం, సింహాచలం వెళ్ళినా తిరుపతి వెళ్ళినా కోరిక తీరాకే కదా గుండు చేయించుకుంటాం, మరి ఆవిడ ముందే చెల్లిస్తోందంటే ఆవిడ చేతిలో సీటు కన్ఫర్మ్ అయిపోయిందన్నమాటే కదా అన్నారు.

"ఏటి మాలతీ, గమనించావా? ఎవరు నెగ్గినందుకో చెప్పలేదు. మన పిల్ల పేరు చెప్పడానికి నోరేటి నొప్పి?"

ఆయన చాదస్తం అనుకున్నాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

శుక్రవారం ఆయన స్కూటరేసుకుని, పిల్లలు సాధన చేసే మందిర్ హసౌద్ రోడ్డు వైపు వెళ్ళి వచ్చారు. అక్కడ శిల్ప ఒక్కతే తొక్కుతోందట. ఎప్పుడూ తప్పుకునే చోట తప్పుకోకుండా, ఇంకా గట్టిగా, దాదాపు గీత దాకా దౌడు తీస్తోందట. శనివారం చెరువు గట్టున నడకకు వెళ్తే అక్కడ కోచ్ సాయితో గుసగుసలాడుతూ కనబడిందట. ఈయనను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారట. దాల్ మే కుచ్ కాలా హై, పప్పులో ఏదో నలుపుంది అన్నారు. కాస్త నలుపు కాదు, పప్పంతా నలుపే అన్నారు.

అదే మధ్యాహ్నం శిల్ప గాలి పంపు కోసం మా ఇంటికొచ్చింది. పెసరట్టు పెడితే వద్దంది. నవ్య ఏదని అడిగి, పడుకుందంటే లేపొద్దని, గబగబా వెళ్ళిపోయింది. నా చేతుల్లో పెరిగిన పిల్ల. ఆ పిల్ల ముఖంలో దొంగతనం ఉందేమోనని వెతికాను. సిగ్గేసింది, అయినా వెతికాను. ఒక ఇంట్లో ఒకరికి కళ్ళకలక వస్తే మిగతావాళ్ళకు రాకుండా ఉంటుందా?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన నవ్యతో అసలు మాట చెప్పారు. రేపు శిల్ప వెనక ఉండొద్దు, భిలాయి జట్టు రజని వెనక ఉండమన్నారు. రజని ఎలాగూ గెలవాలనే తొక్కుతుంది, దాని వెనకే వచ్చి చివర్లో దాటెయ్యమన్నారు. నవ్య మండిపడింది. శిల్ప నాకు చిన్నప్పట్నించి తెలుసు, నీకు పిచ్చెక్కింది అంది. ఆయన కోప్పడలేదు. కూడిక సంగతి, మందిర్ హసౌద్ సంగతి, చెరువు గట్టు సంగతి ఒక్కొక్కటే జరిమానా రసీదు రాసినంత నిదానంగా చెప్పారు.

నవ్య కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"శుక్రవారమా? ఒళ్ళు నొప్పులు, రానని నాతో చెప్పింది నాన్నా."

నేను మజ్జిగ పోశాను. తాగకుండానే లేచిపోయింది.

ఆదివారం గీత పక్కన నిలబడ్డాం. ఎదురుగాలి చెంపల మీద కొడుతోంది. మైకులో హిందీలో చెబుతున్నవన్నీ మా ఆయన పక్కవాళ్ళకు ముందే చెప్పేస్తున్నారు. ఇద్దరు పారిపోతారన్నారు, పారిపోయారు. దొరికిపోతారన్నారు, దొరికిపోయారు. పక్కనున్న ముసలాయన ఈయన్ని ఏదో పెద్ద ఆఫీసరనుకుని నమస్కారం కూడా పెట్టాడు. నేను మాత్రం గెలుపు సంగతి అటుంచి, శిల్ప మోసం చేయకపోతే చాలని మొక్కుకున్నాను.

తిన్నటి రోడ్డు మీదికి గుంపు తిరిగింది. ముందు శిల్ప, వెనక నవ్య. నవ్య ఆ చక్రం వదల్లేదని నా ప్రాణం కుదుటపడింది. శిల్ప ఎప్పుడూ తప్పుకునే దూరం వచ్చింది. తప్పుకోలేదు. తల దించుకుని ఇంకా గట్టిగా తొక్కింది.

"చూశావా" అని మా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే నవ్య శిల్పను వదిలి పక్కకు వెళ్ళి రజని వెనక చేరింది.

శిల్ప చంక కిందుగా వెనక్కి చూసింది. మళ్ళీ చూసింది. ఆ పిల్ల ముందు ఎవరూ లేరు, గీత దాకా ఖాళీ రోడ్డు. అలాగే తొక్కితే గెలిచేది. మా ఆయన అనుమానపడినట్టే గెలిచేది. కానీ తొక్కడం ఆపేసింది. తల పైకెత్తి, వెనక్కి తిరిగి, నవ్య కోసం వెతికింది.

రజని దూసుకుపోయింది. రజని జట్టు పిల్ల పక్కనే గోడలా ఉండడంతో నవ్యకు దారి దొరకలేదు. మూడోదిగా వచ్చింది. శిల్ప గుంపులో ఎక్కడో వచ్చింది. చోటు భిలాయికి పోయింది.

సాయి నవ్య మీదికి అరుస్తూ వచ్చాడు. ఎదురుగాలి ఉంటుందని ముందే తెలుసట. అందుకే శిల్పను మామూలు కంటే దూరం లాగమని, నవ్యను గీత అంచుల దాకా తీసుకెళ్ళి వదలమని చెప్పాడట. పాపం ఆ పిల్ల ఒక్కతే వెళ్ళి అది సాధన చేసిందట. నాకెందుకు చెప్పలేదని నవ్య అడిగితే, వాడు మా ఆయన వైపు చూశాడు. నీకు చెబితే ఇంట్లో తెలుస్తుంది, ఇంట్లో తెలిస్తే మధ్యాహ్నానికల్లా భిలాయి దాకా తెలుస్తుంది అన్నాడు. నువ్వు చేయాల్సింది ఆ చక్రం వదలకుండా ఉండడమే కదా, దానికి చెప్పేదేముంది అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన, ఇదంతా అన్నమ్మా, శిల్పా, సాయీ కలిసి ఆడిన నాటకం కాదు కదా అని నా చెవిలో అన్నారు. నోరు మూసుకోమన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

సాయంత్రం అన్నమ్మ మళ్ళీ పిలవడానికి రాలేదు. కుర్చీలు వేస్తున్న చప్పుడు మాత్రం వినబడింది. నవ్య ముఖం కడుక్కుని వెళ్ళొస్తానంది. మేమూ వెనకే వెళ్ళాం.

పాస్టరు గారు ఉర్లాలో ఇంకో ప్రార్థన ముగించుకుని అప్పుడే హడావుడిగా వచ్చారు. పందెం సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. గురువారం అన్నమ్మ చెప్పిందే ఆయన మనసులో ఉంది. కళ్ళు మూసుకుని పెద్ద గొంతుతో ప్రార్థన మొదలుపెట్టారు.

"నీ కుమార్తె నవ్యకు ఈ పందెంలో జయం ఇచ్చినందుకు స్తోత్రం తండ్రీ. ఆమెను ముందుండి నడిపించే బలం శిల్పకు ఇచ్చినందుకు స్తోత్రం."

ఎవరూ గొంతు కలపలేదు. ఎవరో దగ్గారు. అన్నమ్మ ఒక్కతే తడిగొంతుతో ఆమెన్ అంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన తలదించుకుని నేలకేసి చూస్తున్నారు.

టీలు ఇస్తున్నప్పుడు శిల్ప వచ్చి నవ్య పక్కన కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిన్నెక్కడ పోగొట్టుకున్నానే? గాలి ఎక్కువని మరీ గట్టిగా తొక్కేశాను. నీకు అందకుండా పోయినట్టున్నాను. తప్పు నాది."

నవ్య అబద్ధం చెప్పి ఉండొచ్చు. నేనైతే చెప్పేదాన్ని. ఒక్క తల ఊపితే సరిపోయేది.

"నువ్వు పోగొట్టుకోలేదు. నేనే నీ చక్రం వదిలేశాను. నువ్వు నన్ను ముంచుతావనుకున్నాను."

శిల్ప ఎందుకని అడగలేదు. చేతిలో ఉన్న లడ్డూ పళ్ళెం నా చేతికిచ్చి, "పంచండి అత్తయ్యా" అని లోపలికి వెళ్ళింది. మేము బయల్దేరేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అన్నమ్మ గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుంది. తిట్టినా ఇంత బాధగా ఉండేది కాదు.

వీధి దాటుతుంటే మా ఆయనకు మాటలు తిరిగొచ్చాయి. రేపు ఆ పిల్లతో తనే మాట్లాడతానన్నారు, చిన్నపిల్లలు, నాలుగు రోజుల్లో సర్దుకుంటారన్నారు. వచ్చే ఏడాది ఆ చోటు నవ్యదేనన్నారు, కావాలంటే రాసిపెట్టుకోమన్నారు.

నవ్య మా గేటు దగ్గర ఆగి, ఆయన వైపు తిరిగింది.

"ఎవరు గెలుస్తారో చెప్పకు నాన్నా. నా ముందు ఎవరు తొక్కుతారో చెప్పు."

ఆయన ఎదురింటి వైపు చూశారు. గేటు గడియ కోసం చీకట్లో తడుముకున్నారు.