ఇరవైకి ఒకటి

బజారులో అందరూ ఆమెను కాటాక్క అంటారు. పాడైన కాటాలు విప్పి బాగుచేయడం ఆమె పని. తూకంలో తేడా ఉందని ఏ దుకాణదారుడైనా గొడవకు దిగితే, ముద్ర వేసిన తూకం రాళ్ళు పెట్టి చూపించి, "కాటాకి నీ మీద పగేముంది?" అని నోరు మూయించేది. మనిషి మాట కంటే అంకె మీదే ఆమెకు గురి. ఆ గురే ఆమె కొంప ముంచబోయింది.

మూడు నెలల క్రితం బరువు తగ్గించే ఆసుపత్రిలో చేరినప్పుడు ఆమె నూట నాలుగు కిలోలు. వారానికో సూది, రోజూ గంట నడక, కంచంలో సగం కూరగాయలే. అంతకుముందు కింద కూర్చుని కాటా విప్పాలంటే మోకాళ్ళు ప్రాణాలు తోడేసేవి. ఇప్పుడిప్పుడే మళ్ళీ కూర్చోగలుగుతోంది. అయితే మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గకపోతే సూది ఆపేస్తామని డాక్టరు మొదటి రోజే చెప్పాడు.

ఈరోజు ఆసుపత్రిలోని బరువు మిషను నూట మూడున్నర చూపించింది.

"చూడమ్మా, మీరు చాటుగా తింటున్నారు. నిజం చెప్తే ఇద్దరికీ మంచిది," అన్నాడు డాక్టరు. "ఇక ఆపేద్దాం."

కాటాక్కకు తల కొట్టేసినట్టయింది. అంకె చెప్పాక ఇంకేముంది? నిద్రలో లేచి తిన్నానేమోనని తనను తానే అనుమానించింది, పిచ్చిది. తల దించుకుని మెట్లు దిగి, స్కూటరు దగ్గర పనిముట్ల బెల్టు నడుముకు చుట్టుకుంది. బెల్టు చివరి బెజ్జంలో పడింది. పాత బెజ్జాలన్నీ వదులైపోతే పోయిన వారం తనే మేకుతో పొడిచిన బెజ్జం అది.

అప్పుడు ఒళ్ళు మండింది.

స్కూటరు పెట్టెలో ఐదేసి కిలోల రాళ్ళు నాలుగున్నాయి. చేతికొకటి పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది. దిగి, మిగతా రెండూ తెచ్చింది. మూడు నెలల క్రితం ఖాళీ చేతులతో ఎక్కడానికే మధ్యలో రెండుసార్లు ఆగేది.

"ఏంటక్కా ఇది?" అంది నర్సు.

"మీ మిషను సంగతి తేల్చుకుందామని."

నాలుగూ పేర్చింది. ఇరవై ఒకటి చూపించింది. తీసి మళ్ళీ పెట్టింది. ఇరవై ఒకటే.

నర్సు నాలుక కరుచుకుంది. "పోయిన నెల గది మార్చినప్పుడు చేయి జారి పడిందక్కా. వెలుగుతోంది కదా అని ఊరుకున్నాం."

డాక్టరు లోపలి నుంచి వచ్చాడు.

"ఇరవైకి ఒకటి ఎక్కువ. అంటే వందకి ఐదు," అంది కాటాక్క. "నేను తగ్గిందంతా మీ మిషను మింగేసింది డాక్టరుగారూ."

డాక్టరు వంగి మిషను మీది అంకె చూశాడు. "సరేనమ్మా, మీ సూది కొనసాగిద్దాం. ఇది కాస్త బాగుచేసి పెడతారా?"

కావలసింది దక్కింది. అయినా ఆమె కోపం దిగలేదు. ఆ మెట్ల మీద తల దించుకుని దిగింది తనొక్కతేనా?

"చేస్తాను. ఇది కింద పడ్డప్పటి నుంచి చాటుగా తింటున్నారని ఎంతమందిని పంపేశారు?"

డాక్టరు నర్సు వైపు చూశాడు. నర్సు రిజిస్టరు తిప్పింది. "పదకొండు మంది."

కాటాక్క బల్ల మీది ఫోను డాక్టరు ముందుకు జరిపింది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మిషను మరలు విప్పసాగింది.

"మీరే చెయ్యండి, నర్సమ్మ కాదు. ముందు తప్పు మాదేనని చెప్పి, తర్వాత రమ్మనండి. నేను వింటూ ఉంటాను."