తాళం పూర్తిగా పడలేదు

“వదినా, ఆయన కంప్యూటర్‌కి తాళం పడటం లేదు. ఏదో ఫైలు అడ్డం ఉందంటోంది. దాన్నెలా మూయాలి?” అని మా మరదలు ఫోన్‌లో అడిగింది.

“ఏదీ ముట్టుకోకు. మూత కూడా వెయ్యకు. నేను వస్తున్నా,” అన్నాను. అది ఇంకేదో అడగబోతుంటే వినకుండా నా కంప్యూటర్ సంచీ తగిలించుకుని, చెప్పులు వేసుకుని బయల్దేరాను.

మా తమ్ముడు పోయి అప్పటికి వారం కూడా కాలేదు. వాడూ నేనూ ఒకే ఆఫీసులో, ఒకే జట్టులో పనిచేసేవాళ్లం. కంప్యూటర్ తన లోపల ఫైళ్లని ఎలా దాచుకోవాలో చెప్పే కోడు మాది. రాసేది వాడు, పరీక్షించేది నేను. వాడు కట్టేవాడు, నేను పడగొట్టేదాన్ని. చిన్నప్పుడు ఇసుకలో ఇళ్లు కట్టిన రోజుల నుంచీ మా ఇద్దరికీ అదే ఒప్పందం.

వాడి కోడు తాళాల గురించి. తాళం వేసిన ఫోల్డర్‌లో ఉన్నదంతా ఎవరికీ అర్థంకాని అక్షరాల ముద్దగా ఉంటుంది. పాస్‌వర్డ్ కొడితే కంప్యూటర్ ఒక తాళంచెవిని తయారుచేసి, కరెంటున్నంతసేపూ తన బుర్రలో పెట్టుకుంటుంది. తాళం వెయ్యమంటే ఆ చెవిని చెరిపేస్తుంది. చెప్పడానికి చిటికెలో పని. కానీ చెవిని చెరిపే క్షణానికి ఏదో ఒక ఫైలు తెరిచే ఉంటే ఏం చెయ్యాలన్నది పెద్ద తలనొప్పి. వాడు రాకముందున్న కోడు ఆ సంగతి పట్టించుకోకుండా “తాళం పడింది” అని చెప్పేసేది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్నట్టన్నమాట.

“అడ్డమున్న ఫైలుని లాగి మూసెయ్, గొడవ వదిలిపోతుంది,” అన్నాడు మా మేనేజరు. నేనూ ఆయన మాటకే వంత పాడాను.

తమ్ముడు ఒప్పుకోలేదు. “ఎవరో చేత్తో పట్టుకున్నదాన్ని లాక్కోకూడదక్కా. చెవి చెరిపేద్దాం, కొత్తగా ఎవర్నీ లోపలికి రానివ్వొద్దు. లోపలున్నవాళ్లని మాత్రం గెంటొద్దు. తాళం పూర్తిగా పడలేదని ఉన్నదున్నట్టు చెబుదాం.”

“లోపలున్నవాళ్లు ఎంతకీ బయటికి రాకపోతే?” అన్నాను నేను.

“రాలేదనే చెబుదాం. అబద్ధం చెప్పడం కంటే అది నయం కదా.”

పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆఫీసులో అందరూ వాణ్ని తాళాల మేస్త్రి అనేవాళ్లు. చివరికి వాడి మాటే నెగ్గింది.

ఆ పిచ్చి ఇంట్లోనూ అంటించాడు. వేరే ఇళ్లలో ఊరెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేశావా అని అడుగుతారు. వాళ్లింట్లో “కంప్యూటర్‌కి తాళం వేశావా?” అనేవాడు. మా మరదలు ఈ చదువులు చదవలేదు, బడిలో లెక్కలు చెబుతుంది. అయినా మొగుడు నేర్పిన ఆ అలవాటు ఒక్కరోజు తప్పలేదు. తప్పింది వాడే, అదీ ఒక్కసారే. ఆసుపత్రికి వెళ్లిన రోజు కంప్యూటర్ తెరిచే ఉంచి, “సాయంత్రానికి వచ్చేస్తాగా,” అన్నాడట.

నేను వెళ్లేసరికి మరదలు కిటికీ పక్కన, వాడి బల్ల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద దగ్గుమందు సీసా, పాత మేజోడు తొడిగిన మైకు అలాగే ఉన్నాయి. ఊపిరి చప్పుడు పడకుండా ఆ మేజోడు తొడిగింది వాడే.

“రేపు ఆఫీసువాళ్లు వచ్చి కంప్యూటర్ పట్టుకెళతారట వదినా. ఇల్లు దాటే ముందు తాళం వెయ్యమని ఆయనే కదా చెప్పారు. అందుకే వేశాను,” అంది.

తెర మీద మా తమ్ముడి వాక్యాలు ఉన్నాయి. ‘తాళం పూర్తిగా పడలేదు. చెవిని తీసేశాం. ఒక ఫైలు ఇంకా తెరిచి ఉంది. దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి.’

“తీసేశాం ఏంట్రా, రాసింది నువ్వొక్కడివేగా?” అని అప్పట్లో వెక్కిరించాను. “పడగొట్టి చూసింది నువ్వు కదక్కా,” అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

“దీని పాస్‌వర్డ్ నీకు తెలుసా?” అని అడిగాను.

“ఎవరికీ చెప్పకూడదు కదా వదినా. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.” ఆ మాట అంటూండగానే దాని ముఖం మారిపోయింది. లెక్కల టీచరు, నేను చెప్పకముందే లెక్క తేల్చుకుంది. “అంటే... అవన్నీ?”

అవన్నీ అంటే వాడి గొంతు. ఈ జబ్బులో ముందు గొంతే పోతుందని డాక్టరు చెప్పిన నాటి నుంచి, పోకముందే వాడు ఆ మైకు ముందు కూర్చుని కూతురి కోసం మాటలు దాచిపెట్టడం మొదలుపెట్టాడు. పిల్లకి నాలుగేళ్లు. బడిలో ఎవరైనా ఏడిపిస్తే వినడానికొకటి, అమ్మ మీద కోపమొచ్చినప్పుడు ఒకటి, మొదటిసారి ఉద్యోగానికి వెళ్లే రోజు ఒకటి. అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. వేరే చోట దాచిన నకళ్లకీ అదే చెవి.

ఫోల్డర్ తెరిచి చూపించాను. పేర్లుండాల్సిన చోట పిచ్చి అక్షరాలున్నాయి. “గది తాళంచెవి పారేశాం అమ్మాయ్. కానీ లోపల ఒక్కరు మిగిలిపోయారు. ఆ ఒక్కరితో ఇంకా మాట్లాడొచ్చు. మిగతావాటిని ఇంక పిలవలేం.”

“నా చేత్తో నేనే వేశాను,” అంది. కాసేపటికి నెమ్మదిగా, “అందులో నాకోసం కూడా ఒకటుంది వదినా. పిల్ల పెద్దయ్యాక వినమన్నారు. ఇప్పుడే వింటానంటే, తొందరేముంది అని నవ్వారు,” అంది.

పోయినవాడి మీద కోపం వస్తుందా అంటే, వస్తుంది. “తప్పు నీది కాదు. ఊరందరి తాళాలూ చూసుకున్నాడు వెధవ, సొంత పెళ్లానికి ఒక్క ముక్క చెప్పి ఏడవొచ్చుగా!” అని అరిచి, అరిచినందుకు నేనే ఏడ్చాను.

ఏడుపు ఆగాక పనిలో పడ్డాను. చెరిపేసిన చెవి మరక ఎక్కడైనా మిగిలిందేమోనని కంప్యూటర్ బుర్రంతా గాలించాను. ఎక్కడ చూసినా సున్నాలే. తుడవడం వాడు అంత శుభ్రంగా తుడిచాడు. మొదట్లో ఒక మూల చిన్న మరక మిగిలిపోయేది. దాన్ని పట్టుకుని, “దొరికావురా మేస్త్రీ” అని అందరి ముందూ గెంతింది నేనే. ఆ పూటే దాన్ని కూడా తుడిచేశాడు. మా ఇద్దరి పనీ అంత బాగా కుదిరినందుకు అంతగా బాధపడిన రోజు ఇంకొకటి లేదు.

ఇంక ఆ ఒక్క ఫైలే దిక్కు. అది పాటలు వినే ప్రోగ్రాంలో తెరిచి ఉంది, సగంలో ఆగి ఉంది. ఏ రికార్డింగో పేరు చూస్తే తెలియలేదు. ‘పనికిరాదు’ అని ఉంది, అంతే.

“ముందు వినిపించండి వదినా,” అంది మరదలు.

“వద్దు. చివరిదాకా వెళ్లిందంటే ఆ ప్రోగ్రాం దీన్ని మూసేసి తర్వాతదాని కోసం వెతుక్కుంటుంది. మూస్తే ఇదీ పోతుంది.”

తెరిచి ఉన్న ఫైలుని ఆ ప్రోగ్రాం చేతిలోంచే చదువుకునే దారి ఒకటుంది. నిద్రపోతున్న పసిదాని కింద నుంచి దుప్పటి తీసినంత జాగ్రత్తగా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించాను. అసలూ నకలూ ఒకటేనని సరిచూశాను. నకలు నుంచి మొదటి మాట మాత్రం విని ఆపేశాను. “తల్లీ,” అన్నాడు.

“ఇంక అసలుది మూసేయొచ్చు. నన్ను మూయమంటావా?”

“నేనే మూస్తాను,” అంది. ప్రోగ్రాం మూసి, మళ్లీ తాళం బొమ్మ మీద నొక్కింది. ‘తాళం పడింది’ అని వచ్చింది. ‘పనికిరాదు’ అన్న పేరు కూడా పిచ్చి అక్షరాల్లో కలిసిపోయింది. మరదలు దాన్ని కాసేపు చూసి కంప్యూటర్ మూత వేసింది.

నకలుని నా కంప్యూటర్‌లో పెట్టాను. పక్కగదిలో బొమ్మలకి రంగులేస్తున్న మేనకోడలు తండ్రి గొంతు వినగానే పరిగెత్తుకొచ్చి నా మోకాళ్లకి ఆనుకుంది.

“తల్లీ, ఇది నువ్వు కాలేజీకి వెళ్లే రోజు వినాలి. ఆ రోజు నువ్వు...” అంటూ దగ్గాడు. “ఛ. మళ్లీ మొదలు.” మైకు మీద తట్టిన చప్పుడు. “తల్లీ, ఇది నువ్వు...” మళ్లీ దగ్గు. అంతలో రికార్డింగులోనే తలుపు కిర్రుమని, పిల్ల గొంతు వినిపించింది.

“నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావు?”

“నీతోనే రా. నువ్వు పెద్దయ్యాక వినడానికి.”

“నేనిక్కడే ఉన్నా కదా. ఇప్పుడే చెప్పు.”

చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. ఆ తర్వాత నవ్వాడు, గొంతు బాగున్న రోజుల్లో నవ్వినట్టే. “అవునే, ఇక్కడే ఉన్నావు కదూ. సరే, ముందు నువ్వు చెప్పు. బడిలో ఏమైంది?”

రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. ఎవరో తన చెప్పు దాచేసిన కథ పిల్ల చెబుతుంటే, ఊఁ కొడుతూ, “కుడిదా ఎడమదా?” అని గంభీరంగా అడుగుతూ కూర్చున్నాడు. పద్ధతిగా దాచినవన్నీ పోయాయి, పాడైపోయిన ఈ ఒక్కటీ మిగిలింది. కానీ ఆసుపత్రికి బయల్దేరే ముందు వాడు వింటున్నది దీన్నే. తాళం వెయ్యకుండా వెళ్లిపోయేంతగా వింటున్నది దీన్నే. అది తలుచుకుంటే నాకు దుఃఖం ఆగలేదు.

“నాన్న నవ్వాడు అత్తా,” అంది పిల్ల నా చెయ్యి లాగి.

అంతలో రికార్డింగులో, “ఏమోయ్, కాసిన్ని నీళ్లు తెస్తావా?” అన్నాడు.

“ఆఁ, తెస్తున్నా,” అంటూ మా మరదలు లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. గ్లాసు నిండాక కూడా నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

కుళాయి ఆగింది. నిండు గ్లాసుతో తిరిగొచ్చి, ఎవరికివ్వాలో తెలియక గుమ్మంలో నిలబడింది. రికార్డింగులో వాడు నీళ్లు తాగుతున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత మరదలి గొంతే, “ఇంకా కావాలా?” అని అడిగింది.

“వద్దులే. నువ్వు కాసేపు ఇక్కడే కూర్చో,” అన్నాడు.

మా మరదలు గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.