అమ్మ చెప్పొద్దన్న ఆకు

దుర్గాంబ సంచి నేనే సర్దాను. రెండు నూలు చీరలు, ఒక ఉన్ని స్వెట్టరు, జుట్టు రాలిన తల మీద కప్పుకునే టోపీ, ఆసుపత్రి ఫైలు, రైల్లోకి పులిహోర. అన్నిటికంటే అడుగున, తువ్వాలు మడతలో మూడు కాగితం పొట్లాలు పెట్టాను. వాటి సంగతి మా అక్కాచెల్లెళ్ళకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి రైలు. పొద్దున ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి, ఫైలు మీద ముద్రలు వేయించుకోవాలి.

సంచి సర్దాలంటే నాకు భయం. మా తమ్ముడికి సర్దాను, మా అత్తగారికి సర్దాను. వాళ్ళు గుమ్మం దాటాక వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. ఇద్దరూ తిరిగి రాలేదు. అందుకే ఎవరైనా ఊరికి వెళ్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచే నాకు అన్నం సహించదు. ఆ రోజు దుర్గాంబ మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"అట్టా మడతలు పెట్టిందే పెట్టబాక అక్కా. చీరలు అరిగిపోతాయి" అంది.

దుర్గాంబ నా చెల్లెలు. నాకంటే ఆరేళ్ళు చిన్న. మార్కాపురంలో ఉండేది. 2023 వేసవిలో రొమ్ములో గడ్డ కనిపిస్తే పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. కొడుకు శివకుమార్ గ్రేటర్ నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తల్లిని ఇక్కడికి, ఢిల్లీకి తీసుకొచ్చాడు. మేముండే మయూర్ విహార్ నుంచి పెద్దాసుపత్రికి మెట్రోలో ఇరవై నిమిషాలే కాబట్టి మా ఫ్లాట్‌లోనే ఉంచుకుంటామన్నాం. మా ఆయన సదాశివరావు గారు సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరైన మనిషి. ఫైళ్ళు, తేదీలు ఆయన చూసుకున్నారు. వంట, మందులు నావి.

మూడు వారాలకొకసారి, మొత్తం ఆరుసార్లు సూదిమందు ఎక్కించాలన్నారు. మొదటిసారికే దుర్గాంబ వాడిపోయింది. మంచినీళ్ళు తాగినా వాంతి. అది చూడలేక నేను అమ్మ మందు మొదలుపెట్టాను.

ఆ మందు గురించి చెప్పాలి. మా ఊళ్ళో అమ్మ ఆదివారం పూట పసరు పోసేది, కషాయం పొడి ఇచ్చేది. వదలని జ్వరాలకీ నీరసానికీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారు. పొడి కొట్టేటప్పుడు తలుపు వేసుకునేది. ఆకు పేరు బయటికి చెబితే గుణం పోతుందని మా వైపు నమ్మకం. ఇంట్లో పెద్ద కూతురికి మాత్రమే చెబుతారు. నాకు పెళ్ళయి ఢిల్లీ బయలుదేరే ముందు రోజు, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, చేతిలో తమలపాకు పెట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని ఆ పేర్లు చెప్పింది. తర్వాత నేను పుట్టింటికి వెళ్ళేసరికి అమ్మ లేదు. ఆమె నాతో చెప్పిన ఆఖరి మాటలు ఆ పేర్లే. యాభై ఏళ్ళుగా అవి నా దగ్గర ఉన్నాయంటే అమ్మ ఉన్నట్టే అనిపించేది.

దుర్గాంబ చిన్న కూతురు కాబట్టి తనకి తెలియదు. అడిగి అడిగి విసుగెత్తి మానేసింది. ఉదయం పరగడుపున గ్లాసు ఇస్తే ముక్కు మూసుకుని తాగేసేది. ఎవరితోనూ అనొద్దన్నాను. అనలేదు.

ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరు పేరు నవదీప్. తలపాగా, తెల్ల గడ్డం, మెల్లగా మాట్లాడే మనిషి. వెళ్ళిన ప్రతిసారీ వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగేవాడు. శివకుమార్ లేదనేవాడు. వాడికి తెలిసినంతలో అది నిజమే. ఆ గది బయట గోడ మీద హిందీలో ఒక కాగితం అంటించి ఉండేది. నేను బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. తెలుగు పొట్లాల కాగితాల మీద, హిందీ బస్సుల బోర్డుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకని కనిపించిందల్లా చదవడం అలవాటు. ఇంట్లో తాగే కషాయాలు, చూర్ణాలు కూడా డాక్టరుకు చెప్పండి అని దాని మీద రాసి ఉంది. మొదటిసారి చదివాక, ఆ గోడకి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాను.

రెండోసారి సూదిమందుకి ముందే రక్తపరీక్షలో లివరు అంకెలు పెరిగాయి. కొన్నాళ్ళు ఆగి ఇచ్చారు. సెప్టెంబరులో వినాయక చవితికి శివకుమార్ తల్లిని గ్రేటర్ నోయిడా తీసుకువెళ్ళి పది రోజులు ఉంచుకున్నాడు. వచ్చాక మూడోది పడింది. ఆ తర్వాత అంకెలు ఎంత పెరిగాయంటే, దుర్గాంబ కళ్ళలో పసుపు కనిపించింది. రెండు వారాలు చూశారు. తగ్గలేదు. ఈ మందు ఆమె లివరు తట్టుకోవడం లేదు, ఇంకా ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు, ఆపేసి ఊరికి తీసుకువెళ్ళండి, నొప్పి తెలియకుండా బిళ్ళలు రాసిస్తాను అన్నాడు డాక్టరు. సగంలో ఆపితే గడ్డ ఊరుకుంటుందా అని శివకుమార్ అడిగాడు. ఆయన బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపి, ఊరుకోదు అన్నాడు.

ఆ రెండు వారాలూ నేను కషాయం పూటకొక గ్లాసు చేశాను. నీరసం ఎక్కువైంది కదా అని.

రైలు రోజు పొద్దున్నే సంచితో సహా ఆసుపత్రికి వెళ్ళాం, అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళొచ్చని. అన్ని ముద్రలూ పడ్డాక ఆఖరికి పద్నాలుగో నంబరు గదికి పంపారు. తలుపు మీద హిందీలో ఆయుష్ అని ఉంది. ఇంటికి వెళ్ళే రోగులకు తిండి, నిద్ర, నోటి పుళ్ళు, వీటి గురించి చెప్పడానికి అదే ఆసుపత్రిలో ఒక ఆయుర్వేదం డాక్టరును పెట్టారట. లోపల ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. బల్ల మీద శరణ్య అని పేరు. మా మాటలు విని, మీరు తెలుగువాళ్ళా అంది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిందట. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడితే సగం హిందీ దొర్లుతుంది.

దుర్గాంబ నాడి చూసింది. నాలుక చూసింది. ఫైలు తిరగేసి, రక్తపరీక్షల కాగితాలన్నీ విడదీసి, తేదీల వరసలో బల్ల మీద పరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక కాగితం మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి భయ్యా. జూలైలో పెరిగింది, ఆగస్టులో పెరిగింది. సెప్టెంబర్ ఎండింగ్‌లో తగ్గింది. మళ్ళీ పెరిగింది. మధ్యలో ఎందుకు తగ్గింది?"

శివకుమార్ ఆలోచించి, అప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది అన్నాడు. అక్కడ వేరే ఏం పెట్టారని ఆమె అడిగింది. ఏమీ లేదు, పెద్దమ్మ ఇంట్లో తిన్నట్టే, మందులు కూడా అవే అన్నాడు.

దుర్గాంబ నా వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసి ఫ్యాను వైపు చూడసాగింది. ఒట్టు నాది. దాన్ని తను కాపాడుతోంది. ఇంకో మూడు గంటల్లో రైలెక్కి, సగం వైద్యంతో ఊరికి వెళ్ళి, మెల్లగా చచ్చిపోవడానికి సిద్ధపడిన మనిషి, నా మాట పోకూడదని ఫ్యాను చూస్తోంది.

వంటింటి పొగ, తమలపాకు, అమ్మ చేతి గాజులు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకి వచ్చాయి. పేర్లు చెప్పేస్తే నా దగ్గర అమ్మది ఇంకేమీ మిగలదనిపించింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. చెల్లెలి కళ్ళలో ఆ పసుపు నా చేత్తో పోసిందేనేమో.

నేను వంగి సంచి విప్పాను. తువ్వాలు తీసి, మూడు పొట్లాలూ ఆ అమ్మాయి ముందు పెట్టాను.

"అక్కడ ఉన్న పది రోజులూ ఇది ఇవ్వలేదమ్మా. ఇక్కడ రోజూ ఇచ్చాను. నేనే ఇచ్చాను" అన్నాను.

"ఏముంది ఇందులో అమ్మమ్మా?"

"నేలవేము. తిప్పతీగ. పదకొండు మిరియాలు."

ముందుగా దుర్గాంబే అంది.

"ఇంతేనా? మీ పార్కులో వేపచెట్టు మీద పాకే తీగేనా? దీనికా అమ్మ తలుపు గడియ పెట్టుకుంది? నేను పుట్టినప్పటి నుంచి అడిగితే చెప్పలేదు, ఈ పిల్ల ఒక్కసారి అడిగితే చెప్పేశావే."

శరణ్య నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తిట్టలేదు కూడా. పొట్లం విప్పి వాసన చూసి, కొంచెం నాలుకకి రాసుకుంది. ఇవి మంచి మూలికలే, మేమూ వాడతాం అంది. అందరికీ కాదు, ఇంతింత కాదు, ఆ సూదిమందుతో కలిపి అసలు కాదు అంది. తిప్పతీగ కొందరికి లివరు మీద పడుతుందట. మిరియాలు కొన్ని మందులను ఒంట్లో ఎక్కువసేపు ఉంచేస్తాయట. "దీనివల్లే అని ఇప్పుడే చెప్పలేను. ఆపి చూస్తే తెలుస్తుంది" అంది.

తర్వాత పొట్లాలూ కాగితాలూ చేత్తో పట్టుకుని తనే డాక్టర్ నవదీప్ గదికి నడిచింది. మేం వెనకాల వెళ్ళాం. తెరిచిన తలుపులోంచి వాళ్ళిద్దరూ నిలబడే మాట్లాడుకోవడం కనిపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు. ఆమెను ఏదో అడిగాడు. ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. అంత పెద్ద డాక్టరు, మనవరాలి వయసు పిల్ల చెప్పేది, అదీ మా అమ్మ పొడి గురించి, తల వంచి రాసుకోవడం నేను చూశాను.

ఆయన బయటికి వచ్చాడు. నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"మాతాజీ, ఈ రోజు చెప్పారు, మంచిదైంది. రైలు రద్దు చేసుకోండి. రెండు వారాలు ఈ కషాయం ఆపి, మళ్ళీ రక్తం చూద్దాం" అన్నాడు హిందీలో.

నేను ఏడ్చాను. నా వల్లే కదా అన్నాను. ఆయన, ఇంట్లో ఏం తాగుతున్నారో రోగి పక్కన కూర్చున్నవాళ్ళని కూడా విడిగా అడగాల్సింది, అది నేను చేయలేదు అన్నాడు. ఆ మాట నాకోసం అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. ఏదైతేనేం, ఈ రోజుకీ ఆయనకి మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రెండు వారాలూ నేను రోజుకి పదిసార్లు దుర్గాంబ కళ్ళు చూసేదాన్ని. కిటికీ దగ్గరికి రమ్మని, కనురెప్ప కిందకి లాగి చూసేదాన్ని. "కూరగాయల బేరం చేసినట్టు అట్టా తిప్పి తిప్పి చూడబాక" అనేది. పద్నాలుగో రోజు వచ్చిన రిపోర్టు మా ఆయన చదివి నా చేతికిచ్చారు. అంకెలు సగానికి పైగా తగ్గాయి. ఇంకో వారానికి మామూలుకొచ్చాయి.

నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు, మోతాదు తగ్గించి. ఈసారి దుర్గాంబ ఫైలులో ఇద్దరి రాతలూ ఒకే కాగితం మీద ఉండేవి. ఆయన సూదిమందు రాసేవాడు, దాని కిందే శరణ్య రాసేది. నోటి పుళ్ళకి త్రిఫల నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడం, మింగడం కాదు. వాంతి వచ్చే రోజుల్లో పలచని పెసరకట్టు. నిద్రపట్టడానికి సాయంత్రం అరికాళ్ళకి గోరువెచ్చని నువ్వులనూనె. కొత్తగా ఏది పెట్టాలన్నా ముందు ఆయనతో మాట్లాడి వచ్చి చెప్పేది. నూనె రాసే పని నాకు అప్పగించింది. చేతులు ఊరుకోకపోతే ఏదో ఒకటి కాచి పోస్తానని ఆ పిల్లకి అర్థమైనట్టుంది. రోజూ అరగంట చెల్లెలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. చిన్నప్పుడు కూడా మేము అంతసేపు పోట్లాడుకోకుండా కూర్చోలేదు.

దుర్గాంబ మాత్రం అమ్మ మందు పేర్లు ఆసుపత్రి అంతా చాటేసింది. పక్క మంచం బీహారు ఆవిడకి, ఆయాకి, లిఫ్టు దగ్గర కనబడినవాళ్ళకి. పేర్లు చెప్పి, డాక్టరుకు చెప్పకుండా మాత్రం తాగొద్దని వచ్చీరాని హిందీలో బెదిరించేది. గుణం పోతుందేమోనే అన్నాను. "పోతే పోయింది, నేనున్నాగా" అంది. పక్క మంచం ఆవిడ కూడా ఒకరోజు కొంగు ముడి విప్పి, తను తాగుతున్న చూర్ణం తీసుకెళ్ళి పద్నాలుగో నంబరు గదిలో చూపించింది.

ఆరు సూదులూ పూర్తయ్యాయి. ఆపరేషన్ అయింది. 2024 మార్చిలో నిజాముద్దీన్ స్టేషనులో రైలెక్కించాం. టోపీ అవసరం లేకుండా అంగుళం జుట్టు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెళ్ళు అక్కా, నువ్వు నిలబడి చూస్తే రైలు కదలదు అంది.

ఆరు నెలలకొకసారి పరీక్షకి రమ్మన్నారు కానీ, రిపోర్టులు పంపితే చాలని తర్వాత గుంటూరులోనే చేయించుకుంది. రోజూ పొద్దున ఏడింటికి ఫోను చేసేది. పక్కింటి వాళ్ళ మేక తన బచ్చలి తిన్నదని నెల రోజులు చెప్పింది. ఇంటి వెనక కొత్త బాత్రూం కట్టించింది. మనవరాలికి జడ వేయడం నేర్పింది. ఆ ఫోన్లన్నీ నాకు ఎవరో పిలిచి ఇచ్చిన రోజులు. శరణ్యకీ, ఆ డాక్టరుకీ, ఆ గోడ మీద కాగితం అంటించిన మనిషికీ నేను ప్రతి ఉదయం ఏడింటికి మనసులో చెప్పుకునేది ఒకటే మాట, మీ దయ.

2025 వేసవిలో జబ్బు ఎముకల్లోకి తిరిగొచ్చింది. ఢిల్లీ తీసుకొస్తానని శివకుమార్ టికెట్లు కొన్నాడు. ప్రయాణానికి ఆమె ఒళ్ళు సహకరించలేదు.

దుర్గాంబ మళ్ళీ రాలేదు. 2025 ఆగస్టు 17, ఆదివారం ఉదయం ఆరు గంటలకు మార్కాపురంలో చనిపోయింది.