మూత మీద చందనం

మా షెడ్డులో విజయదశమినాడు ఏదో ఒక యంత్రాన్ని నడిపి తీరాలి. ముందురోజు ఆయుధపూజకు వేసిన దండ, పెట్టిన బొట్టు తీయకుండా నడపాలి. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో షెడ్డు మొదలైనప్పటి నుంచి ఇదే వాడుక. ఈ ఏడు వంతు ఒక పెద్ద మడ్ పంపుకు వచ్చింది. చమురు బావి తవ్వేటప్పుడు బురదనీళ్ళను లోపలికి తోసే పంపు అది, లారీ అంత ఉంటుంది. విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించడానికి నెలన్నర పట్టింది. ఆగకుండా ఎనిమిది గంటలు నడిస్తే పంపు సొంతదారుల తరఫున వచ్చిన ముఖేష్ సంతకం పెడతాడు.

ఆ సంతకం మీదే ఏళుమలై పని నిలిచి ఉంది. ఇరవై ఆరేళ్ళుగా మా దగ్గర నూనె కారకుండా ఆపే రబ్బరు చుట్లు, ఆయిల్ సీళ్ళు, బిగించేది అతనే. వేసవిలో అతని కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. తర్వాత అతను బిగించిన ఒక చిన్న పంపులో సీలు కారింది. అలాంటివి కళ్ళు బాగున్నవాళ్ళకూ జరుగుతాయి. కానీ యజమానురాలు ఇంద్రజ, మళ్ళీ కారితే అతన్ని బిగింపు నుంచి తీసి గేటు దగ్గర కాపలాకు కూర్చోబెడతానంది. షెడ్డు మేస్త్రీని కాబట్టి ఆ మాట అతనికి చెప్పే బాధ్యత కూడా నామీదే పెట్టింది. చెప్పాను. అతను తలూపి, చేతులు కిరసనాయిలుతో కడుక్కొని, సీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈ పంపులో ఒకవైపు గేర్లు నూనెలో మునిగి తిరుగుతాయి. రెండోవైపు మూడు పిస్టన్లు కాలిపోకుండా వాటి వెనక సన్నగా నీళ్ళు పడుతూ ఉంటాయి. నూనె నీళ్ళలోకి రాకూడదు, నీళ్ళు నూనెలోకి పోకూడదు. మధ్యలో కాపలా ఆ సీళ్ళే.

ఉదయం ఆరింటికి ఇంద్రజ గుమ్మడికాయ కొట్టించి స్విచ్ నొక్కింది. రెండు గంటలు బాగా నడిచింది. నూనె వేడి ఎంత ఉండాలో అంతే ఉంది. నేను గంటకోసారి నూనె మట్టం చూసి రాసుకుంటున్నాను. మూడో గంటలో, చల్లబరిచే నీళ్ళ తొట్టి మీద రంగురంగుల నూనె పొర తేలింది. ముందు చూసింది ముఖేష్. తన పుస్తకంలో ఒక వాక్యం రాసుకున్నాడు.

పంపు ఆపించారు. ఇంద్రజ నన్ను పక్కకు పిలిచింది.

"చెప్తానే ఉంటిని కదా మామా. ఆయన కండ్లు ముందు మాదిరి లేవు. నువ్వు ఒప్పుకోలే."

ఏళుమలైకి వినబడింది. అతనిది తమిళం. నాతో మాత్రం ఎప్పుడూ తన తెలుగులోనే మాట్లాడతాడు.

"సీల్ కండ్లతో పెట్టేది కాదు సార్," అన్నాడు. "వేలితో పెట్టేది. పది తడవ తడిమి చూసినా."

నేను టార్చి పట్టుకొని సీళ్ళ దగ్గర వంగాను. మూడు చోట్లా నూనె ఒకే తీరుగా ఊరుతోంది. ఒక సీలు తప్పుగా కూర్చుంటే ఒక చోటే కారాలి. మూడూ ఒకే గంటలో చెడతాయా? లోపలి నుంచి ఏదో తోస్తోంది. వేడెక్కిన నూనె మీది గాలికి దారి లేకపోతే అది సీళ్ళనే తోసుకొని వస్తుంది. ఆ గాలి పోవడానికే పంపు నెత్తిన ఒక మూత ఉంది, దాని అంచు కింద పన్నెండు సన్న రంధ్రాలు.

నిచ్చెన వేసుకొని ఎక్కాను. బంతిపూల దండను పక్కకు జరిపాను.

ప్రతి ఏడూ యంత్రాలకు చందనం మా ఇంటి నుంచే వచ్చేది. నా భార్య అమ్మణి సాన మీద తీసి, గిన్నెలో తెచ్చి, తనే పెట్టేది. పోయిన మార్గశిరంలో ఆమె కన్నుమూసింది. ఈసారి సౌకార్‌పేటలో పొడి కొని నేనే కలిపాను. ఎన్ని నీళ్ళు పోయాలో తెలియలేదు. ఆమె చందనం తీస్తున్న ఇన్నేళ్ళూ నేను ఎదురుగా కూర్చొని పేపరు చదువుకున్నాను. ముద్ద గట్టిగా వచ్చింది. దాన్ని తెచ్చి, పంపుకు అన్నిటికన్నా ఎత్తున ఉన్నచోట చుట్టూ పూశాను. ఆ మూత ఎందుకుందో ముప్పై ఏళ్ళుగా తెలిసినవాణ్ణే. నిన్న మాత్రం అది నాకు నుదురులా కనబడింది.

చందనం వేడికి ఎండి, రంధ్రాల మీద పెంకు కట్టింది. గోటితో ఒకచోట గీకాను. బుస్సుమని గాలి వచ్చి ముఖానికి తగిలింది. వేడి నూనె వాసన, అందులో చందనం వాసన.

మిగతాది గీకేసి, దండ సర్దేసి దిగిపోవచ్చు. పంపు మళ్ళీ నడిస్తే కారదు. సీళ్ళు సర్దుకున్నాయిలే అనుకుంటారు. ఏళుమలై మీద అనుమానం మాత్రం అలాగే మిగిలిపోతుంది. పెంకు ముక్క అరచేతిలో పెట్టుకొని దిగాను.

"సీలు తప్పేమీ లేదమ్మా," అన్నాను, ముఖేష్‌కు కూడా వినబడేలా. "మూత పూడుకుపోయింది. పూడ్చింది నేనే."

ఇంద్రజ ఆ ముక్కను నా చేతిలోంచి తీసుకొని చూసింది.

"అత్త ఉంటే ఈ పని చేసుండదు మామా," అంది. కోపంగా అనలేదు. తర్వాత అటు తిరిగింది. "ఏళుమలై అన్నా, మళ్ళా మొదట్నుంచి ఎనిమిది గంటలు. సాంబారన్నం తెప్పిస్తా. నువ్వు ఆడ కూర్చో, నీ పంపు కాడే."

గేటు మాట ఇక ఎత్తలేదు.

ఏళుమలై మూత విప్పి కిరసనాయిలులో కడిగాడు. ఊది, వెలుతురుకు ఎత్తి, ఆపరేషన్ అయిన కంటితో ఒక్కొక్క రంధ్రం చూశాడు. "పన్నెండు సార్. అన్నీ తెరిచే ఉండాయి," అన్నాడు.

తొట్టి కడిగి కొత్త నీళ్ళు పోశాం. పదింటికి పంపు మళ్ళీ కదిలింది. నాలుగో గంట దాటింది, ఆరో గంట దాటింది. తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పైకప్పు రేకులు అందులో కనబడుతున్నాయి. సాయంత్రం ఆరింటికి ముఖేష్ పొద్దున రాసిన వాక్యం కింద ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టాడు.

చెరిగిపోయిన బొట్టుతో పంపును పంపడం ఏళుమలైకి ఇష్టం లేదు. గిన్నెలో మిగిలిన చందనం తీసుకున్నాడు. చేయి ముంచి నీళ్ళు చిలకరించి, బొటనవేలితో మెత్తగా నలిపి, మూతకు జానెడు దూరంలో చిన్న చుక్క పెట్టాడు.

"ఇంకోసారి కలుపు," అని మిగిలిన పొడి కూడా అతనికే ఇచ్చాను. "నీళ్ళు ఎంత పోస్తావో చూస్తాను."