సింకు దగ్గర ఆవిడ

"బటన్ నొక్కి పక్కకి తప్పుకోవడమేగా నీ పని, దానికింత హడావుడి ఎందుకు?" అన్నాడు శ్యామ్‌సుందర్, తన లంచ్ డబ్బాలో పెరుగన్నం సర్దుతున్న భార్య వైపు చూడకుండానే. ఆరూ పదైంది. ఆరూ నలభైకి నేపర్‌విల్ స్టేషన్‌లో ఆమె చికాగో ట్రైన్. ఈలోపు కూతురు నైనిక జడ, ఆ పిల్ల డబ్బా, సాయంత్రానికి కూర, డిష్‌వాషర్ ఖాళీ చేయడం. ఇన్నిటి మధ్యా ఆ మాట వచ్చి పడింది. జయంతి డబ్బా మూత బిగించింది. అనడానికేముంది, మనిషి అబద్ధమాడలేదు కదా. నిజంగానే ఆమె పని బటన్ నొక్కి పక్కకి తప్పుకోవడం.

చికాగో డౌన్‌టౌన్‌లో ఇరవై అంతస్తుల ఆఫీసు బిల్డింగొకటి కోవిడ్ నాటి నుంచీ ఖాళీగా పడి ఉంది. అలాంటివి అక్కడ బోలెడు. అద్దెకొచ్చే కంపెనీలు లేక, పడగొట్టడానికి మనసొప్పక, ఇప్పుడు వాటిని అపార్ట్‌మెంట్లుగా మారుస్తున్నారు. మార్చే ముందు ప్రతి గోడనీ, ప్రతి స్తంభాన్నీ కొలవాలి. టేపు పట్టుకుని కొలిచే రోజులు పోయాయి. మూడు కాళ్ళ స్టాండు మీద స్కానర్ పెట్టి బటన్ నొక్కితే, అది ఏడు నిమిషాల పాటు తన చుట్టూ తాను తిరిగి గదినంతా కోట్ల చుక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తుంది. ఆ ఏడు నిమిషాలూ మనిషన్నవాళ్ళు గదిలో ఉండకూడదు. ఉంటే, కదలని గోడలూ కుర్చీలూ స్పష్టంగా పడతాయి గానీ, కదిలే మనిషి మాత్రం పొగలా సాగిపోయి పడుతుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని దెయ్యం అంటారు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ దెయ్యాలను చెరపడం కూడా జయంతి పనే.

హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. పెళ్ళై వచ్చాక పదకొండేళ్ళు కాయితాల మీద డిపెండెంట్. పని చేయడానికి వీసా ఒప్పుకోలేదు గానీ, ఊరికే చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. శ్యామ్‌సుందర్ స్నేహితుల బేస్‌మెంట్లు, పూజగదులు, డెక్కులు, ఎన్ని గీసిచ్చిందో లెక్కే లేదు. "వదినా, ఒక్క స్కెచ్" అని వాళ్ళు అడగడం, "ఇంట్లో ఖాళీగానే ఉంటుందిలేరా, గీసిస్తుంది" అని ఈయన మాటిచ్చేయడం. గీసినందుకు ఒక స్వీట్ బాక్స్. గ్రీన్ కార్డ్ వచ్చాక, ఆరు నెలల కింద, చచ్చీ చెడీ ఈ చిన్న కంపెనీలో గంటల లెక్కన పని సంపాదించింది. సోమవారం నాడు బాస్ కెవిన్ పిలిచి చెప్పాడు. కొలవడం అయిపోవస్తోంది, ఇక ఇళ్ళు గీసే పని మొదలు, ఆ టీమ్‌లోకి ఫుల్‌టైమ్‌గా వస్తావా, శుక్రవారంలోగా చెప్పు అని.

రాను అని చెప్పే మనిషి కాదు జయంతి. ఆ ఇళ్ళ డ్రాయింగ్ చూసినప్పటి నుంచీ ఆమెకి చేతులు నిలవడం లేదు. అది బాగా లోతైన బిల్డింగు. కిటికీలన్నీ అంచుల్లో, మధ్యలో పట్టపగలే చీకటి. పడగ్గదికి కిటికీ ఉండి తీరాలని రూలుంది, హాలుకీ ఉంది, వంటగదికి లేదు. కాబట్టి మొదటి ప్లాన్‌లోనే మూడు వందల వంటగదులనీ తీసుకెళ్ళి మధ్య చీకట్లోకి తోసేశారు. పగబట్టి చేసిందేం కాదు, ఎవరికీ తట్టలేదంతే. ట్రైన్‌లో కూర్చుని జయంతి తన నోట్‌బుక్‌లో ఆ ప్లాన్‌ని అటూ ఇటూ తిప్పి, వంటగదుల్ని కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. కుదిరింది. ఎంత బాగా కుదిరిందో చెప్పడానికి పక్కన మనిషి లేకపోయింది.

కానీ పదిహేనో తారీకున అత్తగారూ మామగారూ వస్తున్నారు, ఆరు నెలలు ఉండడానికి. కెవిన్ అడిగిన సంగతి చెబితే శ్యామ్‌సుందర్ "నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అంటే ఆ ఇంట్లో వద్దని అర్థం. పదమూడేళ్ళ కాపురంలో ఆ మాట తర్వాత జయంతి ఇష్టం ఒక్కసారీ నెగ్గలేదు.

మంగళవారం పందొమ్మిదో అంతస్తు. ఏదో ఇన్సూరెన్స్ కంపెనీదట. అందరూ రెండు వారాలకని ఇంటికెళ్ళి మరి రాలేదు. గోడ మీద క్యాలెండర్ మార్చి దగ్గరే ఆగిపోయింది. కుర్చీ వీపున స్వెట్టర్, బల్ల కింద ఎవరివో ఎత్తు మడమల చెప్పులు, ఎండి కట్టెపుల్లలైన మొక్క. మనిషి కదిలితే లైట్లు వెలుగుతాయి, కదలిక లేకపోతే కాసేపటికి ఆరిపోతాయి. జయంతి నడుస్తుంటే ముందర ఒక్కో వరసా వెలుగుతూ, వెనక ఒక్కో వరసా ఆరుతూ వచ్చింది. అలవాటైన సంగతే అయినా ఆ రోజెందుకో వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. బిల్డింగు నడిమధ్యలో, కాఫీ కలుపుకునే చిన్న గది. సింకులో అయిదేళ్ళ నాటి కప్పులు ఆరు, అడుగున నల్లగా గడ్డకట్టిన కాఫీ. ఆ గది గుమ్మం ముందు స్కానర్ నిలబెట్టి, బటన్ నొక్కి, మెట్ల దారిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అంతలో ఫోన్. అత్తగారు. అక్కడ రాత్రి, పడుకోబోయే ముందు రోజూ చేస్తారు.

"అమ్మాయ్, మీ మామయ్యగారికి ఉప్పు తగ్గించి విడిగా వండాలి, మర్చిపోకు. నాకు మాత్రం చప్పిడివి దిగవు. ఉద్యోగం అంటున్నావట, వాడు చెప్పాడు. సరదా తీరిందిగా, ఇక చాల్లే."

"సరే అత్తయ్యా" అంది జయంతి. సరే, అలాగే, చూద్దాం. ఈ మూడు మాటలతో ఏడు నిమిషాలు గడిచాయి.

తిరిగొచ్చేసరికి కాఫీ గదిలో లైటు వెలుగుతోంది. సింకు తడిగా ఉంది. ఆరు కప్పులూ తళతళా తోమి, పేపర్ టవల్ పరిచి దాని మీద బోర్లించి ఉన్నాయి. ఒక కప్పు అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. జయంతి గుమ్మంలోనే ఆగింది. "హలో?" అంది. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎవరూ పలకలేదు. స్కానర్ భుజాన వేసుకుని లిఫ్ట్ దాకా ఎలా వచ్చిందో తెలీదు. కింద లాబీలో సెక్యూరిటీ డెనీస్ కంప్యూటర్ చూసి చెప్పింది. "ఈ నెలంతా పై అంతస్తులకి నీ కార్డ్ తప్ప ఇంకో కార్డ్ పడలేదమ్మా. క్లీనింగ్ వాళ్ళని మానిపించి నాలుగేళ్ళైంది." ట్రైన్‌లో కూర్చున్నాక గుర్తొచ్చింది. పద్దెనిమిదిలో కప్పులు బోర్లించే ఉన్నాయి. పదిహేడులోనూ. వెళ్ళేవాళ్ళు శుభ్రం చేసి వెళ్ళారు కాబోలు, బుద్ధిమంతులు అనుకుందే గానీ, లోపలికి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాయో ఎంత ఆలోచించినా తట్టలేదు. ముఖాన పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంటుంటే వేళ్ళకి నిమ్మకాయ సబ్బు వాసన. ఇంట్లో వాడే సబ్బుకి ఏ వాసనా ఉండదు.

బుధవారం ఆఫీసులో కెవిన్ ఆమెని తన కంప్యూటర్ దగ్గరికి పిలిచాడు. "జే, ప్రతి ఫ్లోర్‌లోనూ దెయ్యం పడింది. స్కాన్ నడుస్తుంటే లోపల ఉండకూడదు కదా. కాస్త క్లీన్ చేసెయ్" అన్నాడు మెల్లిగానే, కోపం లేకుండానే.

తెర మీద పందొమ్మిదో అంతస్తు కాఫీ గది. గోడలు, అలమరలు, పైపులు, అన్నీ సూది మొనంత స్పష్టంగా. సింకు ముందు మాత్రం మనిషంత పొడుగు పొగ. ఆవపిండి రంగు స్వెట్టర్. ఆ స్వెట్టర్ ఆ క్షణాన జయంతి ఒంటి మీదే ఉంది. ముఖం లేదు, చేతుల దగ్గర చేతులు లేవు, అక్కడంతా కదలికే. మెడ మాత్రం ఎడమ భుజం మీదికి ఒరిగి ఉంది, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకున్నట్టు. కెవిన్ పద్దెనిమిదికి మార్చాడు. సింకు ముందు అదే మనిషి. పన్నెండు. ఏడు. మూడు. అన్నిటా ఆవిడే.

జయంతి తన కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి చూసుకుంది. నిన్న పొద్దున పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి అత్తగారి కాల్. అత్తగారు అన్న ప్రతి మాటా గుర్తుంది. మెట్ల దారిలో వీపుకి తగిలిన గోడ చల్లదనం గుర్తుంది. సింకు గుర్తు లేదు, నీళ్ళు గుర్తు లేవు. తలుపు తీసుకుని ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు తిరిగొచ్చింది? భయమేసింది. దెయ్యమంటే వేసే భయం కాదు, అదైతే బాగుండేది. ఎంగిలి కప్పు కనబడితే ఈ చేతులు తనని అడగకుండా వెళ్ళి కడిగేస్తాయన్నమాట. జీతమిచ్చేవాడు లేడు, చూసేవాడు లేడు, తాగేవాడు అసలే లేడు, అయిదేళ్ళుగా ఎవరికీ అక్కర్లేని కప్పులు. మరి ఇంట్లోనో? పదమూడేళ్ళుగా ఆ వంటింట్లో నిలబడ్డది ఎవరు? "నైనిక మొదటి అడుగు వేసినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావుగా" అంటాడు శ్యామ్‌సుందర్. ఉందట. ఎంత తవ్వుకున్నా ఆ అడుగు జ్ఞాపకం రాదు. ఆ రోజు పాలు పొంగాయి, స్టవ్ తుడిచింది, అది మాత్రం గుర్తుంది. గ్రాండ్ కెన్యన్ వెళ్ళారు. అక్కడ లోయ గుర్తు లేదు, మోటెల్‌లో రైస్ కుక్కర్ ఎక్కడ ప్లగ్ చేసిందో గుర్తుంది. ఇన్నేళ్ళూ తను ఎక్కడుంది? ఈ ప్రశ్న అడగడానికి ఆఫీసులో ఎవరూ లేరు. మౌస్ పట్టుకుంది. మూడో అంతస్తు నుంచి మొదలుపెట్టి ఒక్కో దెయ్యం చుట్టూ గీత గీసి, చెరిపింది. సాయంత్రానికి తనని తాను పదిహేడుసార్లు చెరుపుకుంది.

గురువారం స్కానర్‌ని ఇంటికి తెచ్చింది. శుక్రవారం పొద్దున్నే వేరే చోటికి తిన్నగా వెళ్ళాలి. సాయంత్రం ఆరైంది. శ్యామ్‌సుందర్ రిక్లైనర్‌లో కాళ్ళు చాపుకుని క్రికెట్ చూస్తున్నాడు. నైనిక కార్పెట్ మీద బోర్లా పడుకుని ఐప్యాడ్‌లో మునిగి ఉంది. జయంతి హాలు మధ్యలో మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టింది. బటన్ నొక్కింది. ఈసారి పక్కకి తప్పుకోలేదు. డైనింగ్ కుర్చీ ఒకటి లాగి, వంటింటికి వీపు పెట్టి, స్కానర్ ఎదురుగా కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని గట్టిగా అదిమింది.

"అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?"

"ఏం చేయట్లేదు."

"దట్స్ వియర్డ్" అని పిల్ల మళ్ళీ ఐప్యాడ్‌లోకి వెళ్ళిపోయింది.

మొదటి నిమిషం సులువుగానే గడిచింది. రెండో నిమిషంలో స్టవ్ మీద పప్పు అడుగంటుతోందేమో అనిపించింది. లేవలేదు. "జయంతీ, నీళ్ళు" అన్నాడు శ్యామ్‌సుందర్. మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. తొడల బరువంతా అరచేతుల మీద వేసి కూర్చుంది. వేళ్ళు తిమ్మిరెక్కి కింద గిలగిలా కొట్టుకుంటుంటే, అవి తన వేళ్ళే కానట్టు అనిపించింది. "జయంతీ" అని ఇంకోసారి. కళ్ళు గడియారం మీదే పెట్టింది. నాలుగో నిమిషంలో వెనక వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడైంది. గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు, మెత్తగా, పిల్ల నిద్ర లేస్తుందని భయపడేవాళ్ళు పెట్టినట్టు. నైనిక ఎదురుగా కార్పెట్ మీదే ఉంది. శ్యామ్‌సుందర్ కుర్చీలోనే ఉన్నాడు. జయంతి అరచేతుల్ని ఇంకా గట్టిగా అదిమింది. పక్కగా ఏదో గాలిలా దాటి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. తల తిప్పలేదు. ఆరు. ఏడు. స్కానర్ కూతపెట్టి ఆగింది.

అప్పుడు తిరిగి చూసింది. వంటింట్లో ఎవరూ లేరు. సింకు ఖాళీ. స్టవ్ కట్టేసి ఉంది. గట్టు మీద తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఇటు తిరిగితే శ్యామ్‌సుందర్ చేతిలో గ్లాసు, సగం తాగేశాడు.

"ఆ నీళ్ళెవరిచ్చారండీ?"

"ఎవరిచ్చారేమిటి, ఇప్పుడేగా తెచ్చిచ్చావు" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

టాబ్లెట్‌లో స్కాన్ తెరిచింది. శ్యామ్‌సుందర్ కాలి బొటనవేలి గోరుతో సహా స్పష్టంగా పడ్డాడు. గ్లాసు పట్టిన చెయ్యి తప్ప, ఏడు నిమిషాల్లో మనిషి ఇంత కూడా కదల్లేదు. నైనిక వేళ్ళ దగ్గర కాస్త మసక. కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నుదుటి మీది చిన్న మచ్చ, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు, చుక్క చుక్కా లెక్కపెట్టేంత స్పష్టంగా. ఆ మనిషిని జయంతి చాలాసేపు చూసింది. ఎన్నేళ్ళైందో ఆమెని చూసి. నచ్చింది. ఏడుపొచ్చింది కూడా. ఆ కుర్చీ వెనక, సింకు దగ్గర నుంచి రిక్లైనర్ దాకా, పొగలా ఒకావిడ, మెడ ఒక పక్కకి వంచుకుని. ఆవిడ మీద కోపం రాలేదు. ఎవరూ ఎప్పుడూ కూర్చోమనలేదు పాపం ఆవిడని. తనూ అనలేదు. చెరిపే గుర్తు మీదికి వెళ్ళిన వేలిని వెనక్కి తీసుకుంది.

ఓవర్ అయిపోయి యాడ్ వచ్చినట్టుంది, శ్యామ్‌సుందర్ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు. "రేపు శుక్రవారం కదా. కెవిన్‌కి కుదరదని మెయిల్ పెట్టేసెయ్. అమ్మావాళ్ళు వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషంటూ ఉండాలి."

జయంతి ఫోన్ తీసింది. వస్తున్నాను, సోమవారం నుంచి ఫుల్‌టైమ్, అని కెవిన్‌కి రాసి పంపించింది. అప్పుడు, తొడల కింద నలిగి ఎర్రబడ్డ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"మీకు నీళ్ళిచ్చిన ఆవిడ ఉంటుంది లెండి. నేనే, సోమవారం నుంచి ఉండను."